పాత బ్యాండుకు కొత్త ఆల్బమ్ ఎందుకు?

2025 వేసవిలో బ్రిటన్‌లో రెండు పాత బ్యాండ్లు మళ్లీ జనం ముందుకొచ్చాయి. రెండూ 1990లలో ఒక వెలుగు వెలిగినవే. జులై 4న కార్డిఫ్‌లో మొదలైన ఒయాసిస్ కచేరీలకు టికెట్ దొరకడమే గగనమైంది. నోయెల్, లియామ్ గాలగర్ సోదరులు పదహారేళ్ల వైరాన్ని పక్కనపెట్టి ఒకే వేదిక ఎక్కారు. పాడినవి దాదాపు అన్నీ పాతికేళ్లు, ముప్పయ్యేళ్ల కిందటి పాటలే. కొత్తది ఒక్కటీ లేదు, ఎవరూ అడగనూ లేదు. దానికి నెల ముందు, జూన్ 6న, షెఫీల్డ్‌కు చెందిన పల్ప్ బ్యాండు ‘మోర్’ పేరుతో పదకొండు పాటల ఆల్బమ్ విడుదల చేసింది. 2001లో వచ్చిన ‘వి లవ్ లైఫ్’ తర్వాత ఇరవై నాలుగేళ్లకు వాళ్లు చేసిన స్టూడియో ఆల్బమ్ ఇది. వారం తిరిగేసరికి బ్రిటిష్ చార్టులో ఒకటో స్థానానికి చేరింది. 1998 నాటి ‘దిస్ ఈజ్ హార్డ్‌కోర్’ తర్వాత వాళ్లకు ఆ స్థానం దక్కడం ఇదే మొదటిసారి. సమీక్షల్లోనూ చాలావరకు మెచ్చుకోళ్లే. అయితే ఆ మెచ్చుకోళ్లలో తరచూ వినిపించిన మాట ఒకటుంది: పాత పల్ప్ తిరిగొచ్చిందని. ఆల్బమ్ బాగుందన్న తీర్పుతో నాకు పేచీ లేదు. ఆ తీర్పుకు చూపించిన కారణంతోనే పేచీ. పాత పల్ప్ తిరిగి రాకపోవడంలోనే ఈ ఆల్బమ్ విశేషమంతా ఉంది. పాత పల్ప్‌లా వినిపించాలని తాపత్రయపడిన ఒకటి రెండు చోట్లే అది తేలిపోయింది.

మన పాఠకులకు ఒయాసిస్, కోల్డ్‌ప్లే తెలిసినంతగా పల్ప్ తెలియదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్లాలి. ఉక్కుకూ, కత్తులూ చాకుల తయారీకీ పేరుమోసిన షెఫీల్డ్‌లో 1978లో జార్విస్ కాకర్ అనే స్కూలు కుర్రాడు స్నేహితులతో కలిసి ఈ బ్యాండు పెట్టాడు. 1981లో బీబీసీ రేడియో డీజే జాన్ పీల్ వాళ్లను పిలిచి పాడించాడు. కొత్త బ్యాండ్లకు అంతకు మించిన గుర్తింపు లేని రోజులవి. అయినా ఆ తర్వాత పదేళ్లపాటు వాళ్లను పట్టించుకున్న నాథుడు లేడు. మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది, ఎవరికీ తెలియకుండానే పోయింది. 1989లో రికార్డు చేసిన ‘సెపరేషన్స్’ 1992 దాకా వెలుగు చూడలేదు. చివరికి ‘కామన్ పీపుల్’ పాట దేశమంతా మోగిపోయి చార్టులో రెండో స్థానానికి చేరేసరికి 1995 వచ్చింది. అప్పటికి కాకర్‌కు 31 ఏళ్లు, బ్యాండుకు పదిహేడు. పేదల బతుకు ఎలా ఉంటుందో సరదాకి చవిచూడాలనుకునే ఒక డబ్బున్న అమ్మాయిని చూసి మాట్లాడేవాడి కడుపుమంట ఆ పాట. అదే ఏడాది జూన్‌లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో పాడాల్సిన స్టోన్ రోజెస్ బ్యాండు, గిటారిస్టు ఎముక విరగడం వల్ల తప్పుకోవడంతో ఆఖరి నిమిషంలో పల్ప్‌కు పిలుపొచ్చింది. ఆ రాత్రితో వాళ్ల జాతకం మారింది. మరుసటి ఏడాది ‘డిఫరెంట్ క్లాస్’ ఆల్బమ్‌కు, ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. ఇదంతా చెప్పడానికి కారణముంది. పల్ప్ విషయంలో ఆలస్యం కొత్త కాదు. పడుచుదనపు ఊపు మీద గెలిచిన బ్యాండు కాదిది. గోడవారగా నిలబడి పార్టీని చూసినవాడి చూపుతో గెలిచింది. ఊపు వయసుతో పోతుంది గానీ చూపు పోవాలని లేదు.

విడిపోయిన బ్యాండ్లు మళ్లీ కలవడానికి ఈ రోజుల్లో కొత్త ఆల్బమ్ అక్కర్లేదు. స్ట్రీమింగ్ వచ్చాక రికార్డుల మీద వచ్చే ఆదాయం చిక్కిపోయింది, డబ్బంతా కచేరీల్లోనే ఉంది. కచేరీకి వచ్చేవాడు పాత పాటకే టికెట్ కొంటాడు. కొత్త పాట ఎత్తుకోగానే బీరు తెచ్చుకోవడానికి లేచేవాళ్లే ఎక్కువ. ఈ లెక్క పల్ప్‌కు తెలియనిది కాదు. 2011లో మొదటిసారి మళ్లీ కలిసినప్పుడు వాళ్లూ పాత పాటలతోనే దేశాలు తిరిగారు. 2013లో ఒకే ఒక్క పాట విడుదల చేసి మళ్లీ ఎవరి దారిన వారు పోయారు. 2023లో రెండోసారి కలిసినప్పుడూ అలాగే సరిపెట్టుకుని ఉండొచ్చు. కానీ ఆ ఏడాది మార్చిలో, కచేరీలు మొదలుకాకముందే, బేస్ గిటారిస్టు స్టీవ్ మ్యాకీ చనిపోయాడు. కచేరీలు సాగుతుండగా ఒక్కో కొత్త పాటా వేదిక మీదికి రావడం మొదలైంది. జనం లేచి బయటికి పోలేదు. 2024 నవంబర్‌లో లండన్‌లోని వాల్తమ్‌స్టోలో జేమ్స్ ఫోర్డ్ నిర్మాతగా మొదలుపెట్టి, మూడు వారాల్లో రికార్డింగ్ ముగించారు. పల్ప్ చరిత్రలో ఇంత త్వరగా పూర్తయిన ఆల్బమ్ లేదని కాకరే చెప్పాడు. ఒకప్పుడు ఒక్కో ఆల్బమ్‌కూ నెలలు, ఏళ్లు మల్లగుల్లాలు పడినవాళ్లు వీళ్లు. ‘మోర్’ మ్యాకీకి అంకితం. విడుదల చేసింది రఫ్ ట్రేడ్, పల్ప్ పుట్టిన 1978లోనే పుట్టిన ఇండిపెండెంట్ లేబుల్. చిన్న లేబుళ్ల గడపలెక్కి దిగి, పేరొచ్చిన రోజుల్లో ఐలాండ్ అనే పెద్ద కంపెనీలో గడిపి, కాకర్‌కు అరవై దాటాక మళ్లీ ఇండీ గూటికే చేరారన్నమాట.

ఇక పాటల సంగతి. ‘గ్రోన్ అప్స్’ అనే పాటలో, ఎదిగిన మనిషిలా నడుచుకోవడం ఎంత కష్టమో మాట్లాడతాడు కాకర్. మొటిమల బెంగ పోయి ముడతల బెంగ మొదలైన మనిషి అందులో కనిపిస్తాడు. పెద్దవాళ్లమయ్యాం కదా, మరి ఆ పెద్దరికం ఎక్కడా అని వెతుక్కుంటూ ఉంటాడు. ‘బ్యాక్‌గ్రౌండ్ నాయిస్’లో ప్రేమ, ఇంట్లో ఫ్రిజ్ చేసే రొద లాంటిదైపోతుంది. అలవాటైపోయి చెవికి ఆనదు, ఆగిపోయిన రోజున మాత్రం ఇల్లంతా నిశ్శబ్దమని తెలుస్తుంది. ‘టీనా’లో ఒకాయన పరిచయమే లేని ఒక ఆడమనిషితో నలభై ఏళ్ల కాపురం మనసులోనే చేసేస్తాడు. ఇదే పాటను 1995 నాటి పల్ప్ చేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు: కిటికీలోంచి తొంగిచూసే కుర్రాడి కొంటెతనం ఉండేది, కాస్త కసీ ఉండేది. ఇప్పుడు ఆ కొంటెతనంలోకి జాలి వచ్చి చేరింది. నవ్వొస్తుంది, ఆ నవ్వులో అతని ఒంటరితనమూ తగులుతుంది. నలభై ఏళ్లు అనే మాటకు బరువు రావాలంటే దాన్ని పాడేవాడు నలభై ఏళ్లు చూసి ఉండాలి. ‘ది హిమ్ ఆఫ్ ద నార్త్’ ఇంకో మెట్టు పైన ఉంది. సైమన్ స్టీఫెన్స్ రాసిన ‘లైట్ ఫాల్స్’ నాటకం కోసం పుట్టిన పాట ఇది. ఇల్లు విడిచి దూరం పోయే బిడ్డకు వెనకనుంచి చెప్పే మాటల్లా సాగుతుంది. ఒకప్పుడు ఊరొదిలి పారిపోవడమే పల్ప్ పాటల లోకం. ఇప్పుడు మాట్లాడుతున్నది గడపలో నిలబడి సాగనంపే మనిషి. ఈ పాటలను పాత పల్ప్ తిరిగొచ్చిందనే మాటతో ఎలా కొలుస్తాం? పాత పల్ప్‌కు ఇవి సాధ్యమే కావు.

ఆల్బమ్ మొదటి పాట ‘స్పైక్ ఐలండ్’ దగ్గర ఇంకాస్త ఆగాలి. 1990 మేలో విడ్నెస్ పక్కన స్పైక్ ఐలండ్ అనే చోట స్టోన్ రోజెస్ ఇచ్చిన కచేరీ ఒక తరానికి పురాణగాథ అయింది. నిజానికి ఆ రోజు సౌండ్ అధ్వానంగా ఉందనీ, ఏర్పాట్లు అంతంతమాత్రమేననీ వెళ్లినవాళ్లే చెబుతారు. జ్ఞాపకం మాత్రం ఏటికేడు మెరుగులు దిద్దుకుంటూ పోయింది. అలాంటి ఒక కచేరీ పేరుతో తిరిగొచ్చిన బ్యాండు తన ఆల్బమ్ మొదలుపెట్టడం తెలిసి చేసిన పనే. మళ్లీ వేదిక ఎక్కడంలోని ఆనందాన్నీ, ఆ ఆనందం మీద అనుమానాన్నీ ఒకే పాటలో పెట్టాడు కాకర్. దీని వీడియో ఇంకా చిత్రమైనది. ‘డిఫరెంట్ క్లాస్’ కవర్ కోసం 1995లో బ్యాండు సభ్యుల నిలువెత్తు అట్టబొమ్మలు చేయించి, పెళ్లి బృందం మధ్యా, వీధుల్లోనూ నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలనే ఏఐకి ఇచ్చి కదిలించి, తానే కూర్చుని వీడియో చేశాడు కాకర్. ఏఐ మీద ఆగ్రహం ఉన్నవాళ్లకు ఇది రుచించలేదు. కానీ ఆ వీడియోను కాసేపు చూడండి. అట్టబొమ్మలు, వాటి చుట్టూ ఉన్న మనుషులు ప్రాణం వచ్చీ రానట్టు వింతగా, ఒళ్లు జలదరించేలా కదులుతారు. గతాన్ని బలవంతంగా లేపి నడిపిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఆల్బమ్‌కు రాసిన పరిచయంలో మాత్రం పాటల తయారీలో ఏఐ ప్రమేయం లేదని విడిగా చెప్పుకున్నాడు. పాత ఫొటోలకైతే యంత్రం చాలు, కొత్త పాటలకు మనుషులు కావాలన్నట్టుంది ఆ తేడా. సమీక్షకులు ఈ తేడాను పట్టుకుని ఉంటే పాత పల్ప్ తిరిగొచ్చిందని అంత తేలిగ్గా రాసేవారు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలు నిజానికి కొత్తవి కావు. ‘గ్రోన్ అప్స్’ మూలాలు 90ల చివరిలో ఉన్నాయి. ‘గాట్ టు హావ్ లవ్’ 2000 ప్రాంతంలో మొదలుపెట్టింది. అంటే అప్పట్లో పనికిరావని అటకెక్కించిన సరుకును దుమ్ము దులిపి అమ్ముతున్నారా? అలా అమ్మినవాళ్లు లోకంలో లేకపోలేదు. అయితే ఒక పాట ఎందుకు ఆగిపోయిందో చూడాలి. బాగా లేక ఆగిపోయే పాటలుంటాయి, పాడే మనిషి ఇంకా తయారుకాక ఆగిపోయేవీ ఉంటాయి. ‘గాట్ టు హావ్ లవ్’ డిస్కో వేగంతో పరుగెత్తే పాట. దరువు అచ్చంగా పాత పల్ప్‌దే, నా వాదానికి ఎదురు నిలిచే పాట కూడా ఇదే. కానీ ప్రేమ లేకపోతే బతుకు లేదని అంత బాహాటంగా అరవడం, ప్రతి ఉద్వేగాన్నీ వెటకారం వెనక దాచుకున్న ముప్పై అయిదేళ్ల కాకర్‌కు చేతకాలేదు. అరవై ఒకటో ఏట చేతనైంది. మధ్యలో ఒక పెళ్లి, విడాకులు, కొడుకు పెరిగి పెద్దవడం, తల్లి మరణం, ఇంకో పెళ్లి జరిగాయి. దరువు పాతదే అయినా గొంతులో సంకోచం లేదు. ఆ పాట 2001లోనే వచ్చి ఉంటే ఇంకో మంచి డ్యాన్స్ పాట అయ్యేదేమో, ఇప్పుడున్నంత నమ్మకంగా మాత్రం వినిపించేది కాదు.

ఇంకో అభ్యంతరం లెక్కలది. ఈ రోజుల్లో చార్టులో ఒకటో స్థానమంటే ఏముంది, యాభై దాటిన అభిమానులు మొదటి వారంలో వినైల్ రికార్డులూ సీడీలూ కొనేస్తే చాలదా అని. ఇది నిజమే. 1995లో ఒకటో స్థానం అంటే దేశమంతా వింటోందని అర్థం. ఇప్పుడు అది మీ మనుషులు మీకు ఇంకా ఉన్నారని చెప్పే లెక్క మాత్రమే. 2024 నవంబర్‌లో పదహారేళ్ల విరామం తర్వాత వచ్చిన ది క్యూర్ ఆల్బమ్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ కూడా ఇలాగే నేరుగా ఒకటో స్థానంలోకి దూకింది. కాబట్టి ఆ అంకెను చూపించి ఆల్బమ్ గొప్పదనడం కుదరదు. కానీ ఆ అంకె ఇంకో సంగతి చెబుతుంది. పాత పాటలే చాలనుకునే శ్రోతలు ఉన్నారని కచేరీల వ్యాపారం నమ్ముతోంది. ఆ శ్రోతలే జేబులోంచి డబ్బు తీసి, తమకు తెలియని పదకొండు పాటలు కొన్నారు. అభిమానుల గురించి మనం చేసే అంచనా వాళ్లను చిన్నబుచ్చేదిగా ఉందేమో. 2025 జూన్ 28న గ్లాస్టన్‌బరీలో ‘ప్యాచ్‌వర్క్’ అనే మారుపేరుతో పల్ప్ మళ్లీ ప్రధాన వేదిక ఎక్కినప్పుడు జనం ‘కామన్ పీపుల్’కు ఊగిపోయిన మాట నిజమే. కొత్త పాటలు వచ్చినప్పుడు వెళ్లిపోలేదన్నదీ అంతే నిజం.

మనకు ఈ చర్చ కొత్తగా తోచడానికి కారణం మన పాట సినిమాది కావడం. సినిమా పాటకు వయసు ఉంటుంది, అది హీరో వయసు. పాడేవాడి వయసుతో దానికి నిమిత్తం లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నలభై దాటాక ‘ప్రేమ పావురాలు’లో ఇరవై నాలుగేళ్ల సల్మాన్ ఖాన్‌కు గొంతిచ్చారు, ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. ఆ ఎబ్బెట్టు అనిపించనివ్వకపోవడమే ఆయన విద్య. కానీ ఆ విద్యలోనే ఒక నష్టమూ ఉంది. అరవయ్యో ఏట బాలు లోకాన్ని ఎలా చూశారో చెప్పే పాటల సంపుటి మనకు లేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు. మన జ్ఞాపకాల దాహాన్ని ఇప్పుడు రీరిలీజులు తీరుస్తున్నాయి. 2022లో ‘పోకిరి’తో ఊపందుకుని, ఆ ఏడాది చివరి రోజున ‘ఖుషి’తో తారస్థాయికి చేరిన ఆ సందడిలో థియేటర్లలో కాగితాలు ఎగరేసినవాళ్లలో చాలామంది ఆ సినిమాలు మొదట వచ్చినప్పుడు పసిపిల్లలు. అందులో తప్పేమీ లేదు, పండగ పండగే. ఒయాసిస్ చేసిందీ అలాంటి పండగే, చక్కగా చేసింది. పల్ప్ ఎంచుకున్నది వేరే పని. ఆ రెంటినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే తూకంతో తూచడం దగ్గరే పొరపాటంతా.

‘మోర్’ లోపాలు లేని ఆల్బమేమీ కాదు. ‘మై సెక్స్’, ‘స్లో జామ్’ పాటల్లో కాకర్ 90ల నాటి తన గుసగుసల గొంతును మళ్లీ తొడుక్కున్నాడు, అది వదులైంది. అప్పట్లో ఆ గుసగుసలో ప్రమాదం ఉండేది, ఇప్పుడు అలవాటు మాత్రమే ఉంది. అసలు ఇబ్బంది మాత్రం ఇంకో చోట ఉందని కొందరంటారు. ‘కామన్ పీపుల్’ రాసినవాడు ఇప్పుడు ‘ఫార్మర్స్ మార్కెట్’ అనే పాట రాశాడు. సేంద్రియ కూరగాయలు కొనుక్కునే స్థితిమంతుల సంతలో ఒక స్త్రీని కలుసుకుని, జీవితం మళ్లీ మొదలైందని మురిసిపోయే పాట అది. వర్గం గురించి అంత పదునుగా పాడిన మనిషి ఇలా చల్లబడిపోవడం ద్రోహం కాదా? నష్టం ఉన్నమాట కాదనలేం, ఆ పాత కసి ఈ ఆల్బమ్‌లో ఎక్కడా లేదు. కానీ డబ్బూ పేరూ ఉన్న అరవై ఒక్కేళ్ల మనిషి నిరుద్యోగ భృతి మీద బతికేవాడి కోపాన్ని నటిస్తే, ‘కామన్ పీపుల్’లో తాను ఎగతాళి చేసిన ఆ డబ్బున్న అమ్మాయి పనే తానూ చేసినట్టవుతుంది. ఆ అబద్ధం కంటే సంతలో దొరికిన సంతోషం నయం. పైగా ఆ కోపం ఎక్కడికీ పోలేదు. 2025 మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలో పల్ప్ ఉంది, 84 ఏళ్ల జానపద గాయకుడు మార్టిన్ కార్తీ ఉన్నాడు. అక్టోబర్‌లో న్యూకాజిల్‌లో బహుమతి ప్రకటించినప్పుడు అది ‘పీపుల్ వాచింగ్’ ఆల్బమ్‌కు సామ్ ఫెండర్‌కు వెళ్లింది. ఇంగ్లండ్ ఉత్తరాన నార్త్ షీల్డ్స్‌లో కార్మికుల వీధుల్లో పెరిగి, ఆ మనుషుల గురించే పాడే కుర్రాడు అతను. అప్పటికి అతని వయసు 31, ‘కామన్ పీపుల్’ నాడు కాకర్‌కు ఉన్నంతే. ఆ కోపపు పాటలు కావాలన్నవాళ్లు ఇప్పుడు అతన్ని వినొచ్చు. కాకర్‌ను వాటికోసం నిలదీయాల్సిన పనిలేదు.